వదిన అరచెయ్యి

మా వదినకి రూలంటే ప్రాణం. కొందరికి బంగారమంటే, కొందరికి ఆవకాయంటే, కొందరికి పక్కింటి సంగతులంటే ఎంత మమకారమో, జ్ఞానప్రసూన వదినకి రూలంటే అంత మమకారం. ఎదుటివాళ్ళు నోరు తెరిచి ఏదో అడగబోయేలోపే ఆవిడ కుడిచెయ్యి భుజం దాకా లేస్తుంది. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ లారీని ఆపినట్టు అరచెయ్యి మన మొహానికెదురుగా నిలబడుతుంది. దాని వెనక నుంచి మెత్తగా ఒక మాట వస్తుంది: "రూలొప్పుకోదమ్మా."

నేను ఆవిడకి ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. ఆ హోదాలో వదినను వెక్కిరించే హక్కు అన్నయ్య పెళ్ళినాడే నాకు దక్కింది. దాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు. అందరం అమెరికాలో నోవై అనే ఊళ్ళోనే ఉంటాం. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులు, చలికాలమైతే రెండు మంచుగుట్టలు. అన్నయ్య ఆంజనేయప్రసాద్ కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేస్తాడు. ఇంట్లో బ్రేకులు వేసేది మాత్రం వదినే.

వదిన ఉద్యోగమేమిటో మా వాళ్ళలో సగం మందికి ఇప్పటికీ తెలియదు. ఊరికి అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న కాలేజీలో ఆవిడ అథ్లెటిక్ ట్రైనర్. అంటే బరువులెత్తించే మనిషి కాదు. కాలేజీ తరఫున ఆటలాడే పిల్లలకి కాలు బెణికితే కట్టు కట్టి, ఐసు పెట్టి, మళ్ళీ ఆటలోకి దిగొచ్చో లేదో తేల్చే మనిషి. ఇండియాలో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడికొచ్చాక మళ్ళీ మొదట్నుంచి చదివి లైసెన్సు తెచ్చుకుంది. ఆ లైసెన్సుతో పాటు ఒక లావుపాటి రూల్‌బుక్కు కూడా వచ్చింది. అందరూ దాన్ని బీరువాలో పెట్టుకుంటారు. వదిన బుర్రలో పెట్టుకుంది.

ఒక వేసవిలో మా అమ్మ వచ్చింది. గుడిలో కనిపించిన ప్రతివాళ్ళకీ "మా కోడలు డాక్టరు" అని పరిచయం చేయడం మొదలుపెట్టింది. వదిన అరచెయ్యి లేచింది.

"కాదండీ. నేను డాక్టర్ని కాను, అథ్లెటిక్ ట్రైనర్ని."

"అదేనమ్మా, జిమ్ములో డాక్టరు," అంది అమ్మ.

"జిమ్మూ కాదత్తయ్యా, డాక్టరూ కాదు. లేని బిరుదు చెప్పుకుంటే లైసెన్సుకి ముప్పు."

"గుళ్ళో చెప్పుకున్నా ముప్పేనా?"

వదిన నిజంగానే ఆలోచించింది. "గుడికి మినహాయింపు ఉన్నట్టు ఎక్కడా చదవలేదత్తయ్యా."

అమ్మ ఊరుకునే రకమా? మర్నాటి నుంచి కనిపించినవాళ్ళందరికీ "మా కోడలు డాక్టరు కాదు" అని చెప్పుకుంటూ వచ్చింది. వాళ్ళు "అయ్యో, ఏమైందండీ, ఉద్యోగం పోయిందా?" అని పరామర్శకి ఫోన్లు చేశారు. వదిన ఒక్కొక్కరికీ ఓపిగ్గా మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.

అన్నయ్య బాధ వేరు. మార్చి నెల వస్తే వాళ్ళ ఆఫీసులో కాలేజీ బాస్కెట్‌బాల్ జోరు మొదలవుతుంది. ఎవరి జట్టు ఓడితే వాళ్ళు అందరికీ సమోసాలు కొనాలని సరదా పందెం. వదినకి తెలిసింది.

"కాలేజీ ఆటల మీద పందెం మా స్టాఫ్‌కి నిషేధం."

"స్టాఫ్ నువ్వు. నేను మొగుణ్ణి."

"ఒకే ఇంట్లో ఉంటున్నాం కదండీ. నా నోటి నుంచి ఏదో విని మీరు పందెం కాశారని రేపెవరైనా అంటే?"

"నీ నోటి నుంచి నేను ఏ రోజు ఏం విన్నానే? కూరలో ఉప్పు వేశావా అంటేనే ఆలోచించి చెప్తావ్!"

అరచెయ్యి లేచింది. అప్పటి నుంచి అన్నయ్య ప్రతి మార్చిలోనూ పందెం కాయకుండా, ఓడకుండా, ఊరికే ఆఫీసందరికీ సమోసాలు కొనిపెడుతున్నాడు. ఆఫీసులో ఆయనకి మంచి పేరుంది.

ఇదంతా ఒక ఎత్తు, మా తెలుగువాళ్ళ మధ్య వదిన బతుకు ఒక ఎత్తు. మాకు ఒంట్లో సంగతులు దాచుకునే అలవాటు లేదు. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకోగానే షుగరెంత, బీపీ ఎంత అని మొదలవుతుంది. మా వీధి చివర ఒకావిడ గాల్‌బ్లాడర్‌లో రాయి ఎంత పెద్దదో నాకు తెలుసు, ఆవిడ ఇంటిపేరు మాత్రం తెలియదు. ఒక్కరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. అలాంటి గుంపులో, ఎవరి కాలు గురించీ చేయి గురించీ పెదవి విప్పని మనిషి ఒకతె కూర్చుంటే ఎలా ఉంటుంది? ఆరోగ్యం మాట రాగానే లేచి వెళ్ళి గిన్నెలు తోమేది. మా పాట్‌లక్‌లలో గిన్నెలు ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేవి.

కోటయ్య గారని ఒక పెద్దాయన ఉన్నారు. కొడుకు దగ్గర ఉంటారు, మాటలో గుంటూరు కారం తగ్గలేదు. ఆయన మోకాలు పట్టుకుని వదిన వెంటపడేవారు.

"అమ్మాయ్, కాస్త ఈ మోకాలు చూసిపెట్టమ్మా. లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను."

"మీరు నా పరిధిలోకి రారు బాబాయ్ గారూ. నేను కాలేజీ ఆటగాళ్ళనే చూడాలి."

"నేనూ ఆటగాణ్ణేగా! పేకాట ఆడతాను. పనికొస్తదా?"

"రూలొప్పుకోదండీ. మంచి డాక్టరు నంబరిస్తాను, వెళ్ళండి."

"నంబర్లు నా కాడా ఉన్నయ్యమ్మా. చూసే మడిసే లేదు," అని ఆయన మోకాలు నిమురుకునేవారు. ప్రతి పాట్‌లక్‌లోనూ ఈ సంభాషణ జరిగి తీరాలి. జరగకపోతే మాకు భోజనం చేసినట్టుండదు.

వదిన కాలేజీలోనే వాలీబాల్ ఆడే సాన్వి గురించి చెప్పకపోతే ఈ కథ లేదు. కృష్ణమూర్తి గారి అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, నెట్ దగ్గర గాల్లోకి లేచిందంటే కిందికి రావడానికి తొందరపడేది కాదు. కృష్ణమూర్తి గారిది వరంగల్. ఇక్కడ కారు ఇంజన్ల సాఫ్ట్‌వేర్ రాస్తారు. కూతురు ఆడే ప్రతి మ్యాచ్‌కీ అందరికంటే ముందొచ్చి, అందరికంటే గట్టిగా అరిచి, మర్నాడు ఆఫీసులో మీటింగులన్నీ సైగలతో నడిపేవారు. ఆయన భార్య విద్య గారు భక్ష్యాలు చేయడంలో మొనగత్తె. మేం బొబ్బట్లంటాం, వాళ్ళు భక్ష్యాలంటారు. పేరేదైనా నోట్లో వేసుకుంటే మాట ఉండదు.

వదినకి బొబ్బట్లంటే పిచ్చి. తను చేస్తే అప్పడాలవుతాయి, నేను చేస్తే అవీ కావు. ఉగాదికి విద్య గారు డబ్బా నిండా చేసి తెచ్చారు. వదిన మూత తీసింది. కళ్ళు మూసుకుని వాసన చూసింది. మూత పెట్టేసింది.

"మీ అమ్మాయి మా టీంలో ఉన్నంతకాలం మీ దగ్గర నేనేమీ తీసుకోకూడదండీ."

"అయ్యో, పండుగ పూట నాలుగు భక్ష్యాలకేమైతది ప్రసూన గారూ?"

"నాలుగు భక్ష్యాలు తిని నేను సాన్వికి కట్టు కాస్త గట్టిగా కట్టానని ఎవరైనా అనుకుంటే?"

"మరి వాసన చూసిండ్రు కదా?"

"వాసనకి రూలు లేదండీ," అంది వదిన, కాస్త దిగులుగా.

ఆ తర్వాత వాళ్ళింటికి ఏ పూజకి, ఏ పుట్టినరోజుకి పిలిచినా వదిన తన స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చుకుని ఒక మూల కూర్చుని తినేది. చూసినవాళ్ళు ఏదో నోము పట్టిందనుకునేవారు.

ఇంకోసారి విద్య గారు కూతురికి బలమని పాత పచ్చడి సీసాలో లేహ్యం పంపారు. హనుమకొండ నుంచి వాళ్ళమ్మగారు చేసి పంపినది. సాన్వి అది గుటుక్కున మింగబోతుంటే ట్రైనింగ్ రూంలో వదిన కంట పడింది. ఆటల్లో వాడకూడని మందులు కొన్ని ఉంటాయట. పొరపాటున కడుపులోకి వెళ్ళి పరీక్షలో బయటపడితే ఆ పిల్ల ఏడాది పాటు ఆడకూడదట. ఆ సాయంత్రమే వదిన సీసా పట్టుకుని విద్య గారింటికెళ్ళి, ఆవిడని పక్కన పెట్టుకుని, స్పీకర్‌లో హనుమకొండకి ఫోన్ చేయించింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మమ్మగారూ, ఇందులో ఏమేం వేశారు?"

"శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, ఇంకా ఆకులు బిడ్డా."

"ఏం ఆకులండీ?"

"పెరట్ల ఉన్నయి."

"ఎంతెంత వేశారు?"

"చేతికొచ్చినంత."

వదిన సీసా వైపు బాంబు వైపు చూసినట్టు చూసింది. "అమ్మమ్మగారూ, మీ చెయ్యి చాలా మంచిదండీ. కానీ సాన్వి ఆటలు మానేదాకా ఈ చేతిని కాస్త ఆపండి."

ఆ లేహ్యం చివరికి కోటయ్య గారికి చేరింది. ఆయన పేకాటకి పరీక్షలేవీ లేవు కదా.

వదిన కోడిగుడ్డుకి ఈకలు పీకే రకమని మా అందరి అభిప్రాయం. నాకు మాత్రం అప్పుడప్పుడు ఒక అనుమానం వచ్చేది. ఒక జనవరి సాయంత్రం నేనూ వదినా ఆవిడ కాలేజీ నుంచి కారులో వస్తున్నాం. మంచు దూదిలా కురుస్తోంది. బస్టాపులో ఒక పిల్ల ఒంటరిగా వణుకుతూ నిలబడింది. వాళ్ళ టీం పిల్లే.

"కారెక్కించుకో వదినా, పాపం!"

"ఊరికే కారెక్కించుకోవచ్చో లేదో మా రూళ్ళు చూసే కంప్లయన్స్ ఆఫీసు వాళ్ళని అడగాలి. అడిగేదాకా లేదనే అర్థం."

"ఈ చలిలో ఎవర్నడుగుతావ్?"

వదిన ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. కారు పక్కకి ఆపి, హీటర్ నా కోసం వదిలేసి, తన కోటు బొత్తాలు పెట్టుకుని దిగింది. వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడింది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఏవో కబుర్లు చెప్పుకుంటూ మంచులో గంతులేస్తూనే ఉన్నారు. తిరిగొచ్చినప్పుడు వదిన ముక్కు మిరపపండులా ఉంది.

"ఇదేం విడ్డూరం వదినా?"

"ఎక్కించుకోవడానికి అడగాలి. తోడు నిలబడటానికి అడగక్కర్లేదు," అంది ముక్కు తుడుచుకుంటూ.

సాన్వి మూడో ఏడులో ఉండగా వాళ్ళ జట్టు ఫైనల్‌కి వచ్చింది. మ్యాచ్ వాళ్ళ కాలేజీ జిమ్‌లోనే, అంటే ఇండోర్ స్టేడియంలోనే. కృష్ణమూర్తి గారికి కాళ్ళు నేలమీద నిలవలేదు. అందరికీ పసుపు రంగు టీషర్టులు అచ్చు వేయించారు. వాటి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "సాన్వి సైన్యం" అని ఉంది. నాదీ ఒకటి. ఎనిమిది గంటల దూరంలో ఉన్న ఆష్‌బర్న్ నుంచి ఆయన బావమరిది డప్పు పట్టుకుని డ్రైవ్ చేసుకుంటూ బయల్దేరాడు. నోవైలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆ శనివారం ఇంకే పనీ లేదు.

మ్యాచ్‌కి రెండు రోజుల ముందు పిడుగు పడింది. సాన్వి ఆడటం లేదు. ఆపింది మా వదిన.

ఆ సాయంత్రమే కృష్ణమూర్తి గారు అన్నయ్య ఇంటికొచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆటగత్తె తండ్రికి కాఫీ ఇవ్వొచ్చో ఇవ్వకూడదో తేల్చుకోలేక వదిన మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

"ప్రసూన గారూ, నా బిడ్డకేమైందో చెప్పండి."

"చెప్పకూడదండీ."

"నేను తండ్రినండీ!"

"తనకి పద్దెనిమిది నిండాయండీ. తన ఒంటి సంగతి తను చెబితే మీరు వినొచ్చు. నేను చెప్పకూడదు."

"'నాకేం కాలేదు డాడీ, ఆంటీయే వద్దంటున్నరు' అంటున్నది నా బిడ్డ."

"అలాగా అండీ."

"అలాగా ఏందండీ? ఏమన్న అయినట్టా, కానట్టా?"

అరచెయ్యి లేచింది.

"ఒక్క సెట్టు ఆడనియ్యండి. ఒక్కటే. కోచ్ కూడా అదే అడుగుతున్నడు కదా!"

"కోచ్‌కీ ఇదే చెప్పానండీ. ఈ విషయంలో ఆయన మాట చెల్లదు. నిర్ణయం మాది."

కృష్ణమూర్తి గారు లేచారు. మంచినీళ్ళు ముట్టుకోలేదు. "ఏమనుకోకండి గానీ, దేవుడు మీకు గుండె బదులు రూల్‌బుక్కు పెట్టిండు," అని వెళ్ళిపోయారు. అన్నయ్య తల దించుకున్నాడు. వదిన గ్లాసు తీసుకెళ్ళి, నీళ్ళు తులసి కుండీలో పోసి వచ్చింది.

శనివారం జిమ్ అంతా పసుపే. డప్పు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల వాయిద్యాలకి రూలొప్పుకోదని ఎవరు చెప్పి ఉంటారో వేరే చెప్పాలా? ఆష్‌బర్న్ బావమరిది డప్పుని ఒళ్ళో పెట్టుకుని పార్కింగ్‌లో కారులో కూర్చున్నాడు.

ఆట మొదలవబోతుండగా, సరిగ్గా మా వరస ముందర, సాన్వి వదినకి ఎదురుపడింది. ఒంటి మీద స్వెట్‌షర్టు, కళ్ళ నిండా నీళ్ళు. రెండు చేతులూ జోడించింది.

"ఆంటీ, ప్లీజ్! నేను ఆడతా! ఒక్కసారి ఆడతా!"

వదిన అరచెయ్యి లేచింది. ఆ చెయ్యి అంత ఎత్తు లేవడం నేనెప్పుడూ చూడలేదు. గొంతు కూడా. "నువ్వెంత బతిమాలినా నేనొప్పుకోను! నిర్ణయం నాది! నీది కాదు, కోచ్‌ది కాదు, మీ నాన్నగారిది అసలే కాదు! వెళ్ళి కూర్చో!"

సాన్వి వెక్కుతూ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. పసుపు సైన్యమంతా భగ్గుమంది. "అంత కఠినమా", "ఆడపిల్లని అంతమందిలో ఏడిపిస్తుందా" అని గుసగుసలు. నాకూ ఒళ్ళు మండింది. ఆ క్షణంలో అక్కడున్న ఎవరికైనా మండుతుంది. అయితే ఒక్క సంగతి మాత్రం ముల్లులా గుచ్చుకుంది. కాలేజీలో వదిన ఎప్పుడూ తెలుగులో మాట్లాడదు. పక్కనున్నవాళ్ళకి అర్థంకాని భాష వాడటం పద్ధతి కాదంటుంది. అక్కడికి నేను ఫోన్ చేసినా ఇంగ్లీషులోనే "ఎస్, టెల్ మీ" అంటుంది. అలాంటిది ఆ రోజు అంతమందిలో, ఏ మైకూ అక్కర్లేనంత గట్టిగా, స్వచ్ఛమైన తెలుగులో అరిచింది.

ఆఖరి సెట్‌లో రెండు పాయింట్ల తేడాతో జట్టు ఓడిపోయింది.

ఆ చలికాలం వదినకి చలి రెండింతలైంది. పిలుపులు తగ్గాయి. పాట్‌లక్‌లలో గిన్నెలు మళ్ళీ జిడ్డుగా ఉండసాగాయి. గుడిలో ఎదురుపడితే కృష్ణమూర్తి గారు దేవుడి వైపు తిరిగి మరీ ఎక్కువ భక్తిగా దణ్ణం పెట్టుకునేవారు. కోటయ్య గారొక్కరే మోకాలు పట్టుకుని వదిన వెంటపడటం మానలేదు. ఆయనకి ఫైనల్ కంటే మోకాలు ముఖ్యం.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకలా చేశావ్ వదినా? పోనీ కారణమైనా చెప్పు. నాకొక్కదానికే చెప్పు."

"నీకొక్కదానికే చెబితే నోవై మొత్తానికి చెప్పినట్టే కదమ్మా," అంది నవ్వుతూ.

అది నిజమే కాబట్టి నాకు ఇంకా కోపమొచ్చింది. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తన కట్లు కట్టుకుంటూ, ఐసు సంచులు నింపుకుంటూ ఉండిపోయింది. ఎవరేమన్నా ఒక్క మాట తిప్పి చెప్పలేదు.

మరుసటి ఏడు సాన్వి సీజనంతా ఆడింది. గాల్లోకి లేచి, ఎప్పటిలాగే తొందరపడకుండా కిందికొచ్చింది. ఈసారి కప్పు గెలిచారు. కృష్ణమూర్తి గారు గొంతు పోగొట్టుకుని, ఆ పోయిన గొంతుతోనే, "చూసిండ్రా? పోయినేడు కూడా ఆడనిస్తే రెండు కప్పులు మనయే!" అన్నారు.

మే నెలలో సాన్వి చదువు పూర్తయింది. వాళ్ళింటి పెరట్లో పార్టీ. పిలుపుల్లో అన్నయ్యా వదినల పేర్లు లేవట. సాన్వి చూసి, "ప్రసూన ఆంటీ రాకపోతే నేను కేక్ కట్ చేయను," అని కూర్చుందట. చివరి నిమిషంలో పిలుపు వచ్చింది. వదిన వచ్చింది. చేతిలో ఎప్పటిలాగే స్టీలు డబ్బా.

"ఇవాళ కూడా పెరుగన్నమేనా?" అని నేను గొణిగాను. వదిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కేక్ ముందు నిలబడి సాన్వి చేయెత్తింది. "డాడీ, నేను ఒకటి చెప్పాలి. యు కాంట్ గెట్ మ్యాడ్. ప్రామిస్?"

"ప్రామిస్ బిడ్డా. చెప్పు."

"థర్డ్ ఇయర్ ఫైనల్స్ అప్పుడు నాకు లెగ్ చాలా పెయిన్ ఉండె. షిన్‌లో. చాలా వీక్స్ నుంచి. నేను ఎవరికీ చెప్పలే. మన ఇంట్లో దీపావళి రోజు నేను స్టెయిర్స్ దిగుతుంటే ఆంటీ చూసి కనుక్కుంది. స్కాన్ చేయించింది. బోన్‌లో క్రాక్ స్టార్ట్ అవుతుంది అన్నారు. జంప్ చేస్తే విరిగిపోవచ్చు అన్నారు."

విద్య గారు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"మరి నాకేం కాలేదన్నవు కదరా నాతోటి?" అన్నారు కృష్ణమూర్తి గారు. గొంతు బాగానే ఉంది గానీ మాట సరిగ్గా రాలేదు. "నేనంటే అంత భయమా?"

"నీ భయం కాదు డాడీ. టీషర్ట్స్ భయం." సాన్వి నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "ఆల్రెడీ అందరికీ ప్రింట్ చేసినవ్. మామయ్య డ్రమ్ తీసుకుని వస్తుండు. నేను ఆడను అని ఎట్లా చెప్పాలి? ఆంటీ దగ్గర ఏడ్చాను. నేనే వద్దన్నానని డాడీకి తెలియొద్దు అన్నాను. ఆంటీ ఏమంది తెలుసా? 'అయితే వద్దన్నది నేనే. నువ్వు అడుగు, నేను ఒప్పుకోను' అంది."

"అంటే ఆ రోజు జిమ్‌లో...?" అన్నాను నేను.

"ప్రాక్టీస్ చేశాం ఆంటీ! ట్రైనింగ్ రూంలో. నా క్రైయింగ్ బాలేదని మళ్ళీ మళ్ళీ చేయించింది. చేతులు ఇట్లా పెట్టు, ఇంకా గట్టిగా ఏడువు, మీ నాన్నగారు పైన వరసలో కూర్చుంటారు, వినపడాలి అంది. షి వాజ్ సో స్ట్రిక్ట్!"

అందరి తలలూ వదిన వైపు తిరిగాయి. వదిన నేల చూపులు చూస్తోంది. దొంగతనం చేసి దొరికిపోయినట్టు చెవులెర్రబడ్డాయి. ఆ తెలుగు అరుపు ఎందుకో నాకప్పుడు అర్థమైంది. అది సాన్వి కోసం కాదు. పసుపు టీషర్టుల కోసం.

"వదినా! నువ్వు నాటకమాడావా? రూలొప్పుకుందా?"

"నటించకూడదని ఎక్కడా లేదు," అంది మెల్లగా. "రెండుసార్లు మొత్తం చదివాను. అయినా నేను అబద్ధమేం చెప్పలేదు. ఒప్పుకోనన్నాను, నిజంగానే ఒప్పుకోలేదు."

కృష్ణమూర్తి గారు వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు. "అమ్మా, ఏడాదిన్నర నుంచి మిమ్మల్ని నేను అనని మాట లేదు. ఒక్కసారన్నా నోరు తెరిచి చెప్పుంటే అయిపోతుండె కదా?"

"ఆ మాట నాది కాదండీ, తనది. తనెప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడే." సాన్వి వైపు చూసి అంది, "చిన్నపిల్లలండీ. కాదని చెప్పడానికి వాళ్ళకి గొంతు రాదు. నాకైతే రూలుంది. దాని చాటున వాళ్ళు నిలబడొచ్చు. నన్ను తిడితే ఏమవుతుంది? ఎముక విరగదు కదా."

నాకు ఆ క్షణంలో మా వదినని చూస్తే పొంగిపోయేంత గర్వమేసింది. ఇన్నేళ్ళు వెక్కిరించిన ఆ అరచెయ్యి మన మొహం మీదికి లేచిందనుకున్నానే గానీ, దాని వెనక ఎవరు నిలబడ్డారో ఎప్పుడూ తొంగి చూడలేదు. కృష్ణమూర్తి గారు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

విద్య గారు లోపలికెళ్ళి పళ్ళెం నిండా భక్ష్యాలు తెచ్చారు. అప్పుడే పెనం మీంచి తీసినవి, మీద నెయ్యి కరుగుతోంది. తెచ్చి వదిన ముందు పట్టుకున్నారు. వదిన కళ్ళు మూసుకుని వాసన చూసింది.

అలవాటుగా అరచెయ్యి లేచింది. పెరడంతా ఊపిరి బిగబట్టింది.

"సాన్వీ, డిగ్రీ చేతికొచ్చిందా?"

"వచ్చింది ఆంటీ!"

"టీం నుంచి పేరు తీసేశారా?"

"తీసేశారు!"

"మళ్ళీ చేరే ఉద్దేశం?"

"లేదు ఆంటీ, తినండి ప్లీజ్!"

లేచిన అరచెయ్యి మెల్లగా వెల్లకిలా తిరిగి పళ్ళెం ముందుకి చాచుకుంది. విద్య గారు అందులో ఒకటి పెట్టారు. చప్పట్లు మోగాయి. అప్పుడు జిమ్ గుమ్మం అవతల ఆగిపోయిన బావమరిది డప్పు చివరికి ఆ పెరట్లో మోగింది. వదిన ఒకటి తింది, రెండోది తింది, మూడోది తింటూ స్టీలు డబ్బా మూత తీసి విద్య గారి ముందు పెట్టింది. అది ఖాళీగా ఉంది. కడిగి, తుడిచి తెచ్చుకుంది.

ఇంత మంచి సమయం మళ్ళీ దొరకదనుకున్నారో ఏమో, కోటయ్య గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని పంచె కాస్త పైకి లాగారు.

"అమ్మాయ్, ఎట్టాగూ ఇయ్యాళ మనసు కరిగింది కదా. ఈ మోకాలు..."

నోటి నిండా బొబ్బట్టు ఉండటం వల్ల వదిన మాట్లాడలేకపోయింది. నెయ్యి అంటిన అరచెయ్యి మాత్రం లేచింది.